దొరల జాతరలో తలస్నానం

నన్ను కన్న మా అవ్వ చనిపోయిందన్న కబురు నాకు అబుదాబి బయట ముసఫ్ఫా లేబర్ క్యాంపులో, ఒక గురువారం సాయంత్రం తెలిసింది. సెలవు ముగించుకుని వచ్చిన పక్క ఊరి మనిషి చెప్పాడు. అప్పటికే పెద్దకర్మ కూడా అయిపోయిందట. పెద్దకొడుకుని నేనుండగా చితికి నిప్పు తమ్ముడు పెట్టాడట. నేను "అట్లనా" అన్నాను. అతను నాకోసం మోసుకొచ్చిన మామిడికాయ తొక్కు సీసా మూత గట్టిగా ఉందో లేదో చూసుకుని మంచం కింద పెట్టాను. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కాసేపు గోడవైపు తిరిగి కూర్చున్నాను కూడా. రాలేదు.

సైటు ఆఫీసులో లైటు వెలుగుతుంటే వెళ్ళి మా ముదీర్‌ని సెలవడిగాను. ముదీరంటే అక్కడి మాటలో మేనేజరు. ఆయన ఇంగ్లండు మనిషి, చెడ్డవాడు కాదు. నా భుజం మీద చెయ్యి వేసి, వచ్చీరాని హిందీలో, "అంతా అయిపోయింది కదా, ఇప్పుడు వెళ్ళి ఏం చేస్తావు? ఈ స్లాబు పడనీ, చూద్దాం" అన్నాడు. నేను షట్టరింగ్ వడ్రంగిని. నేను లేకపోతే స్లాబు ఆగేది నిజమే. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉన్నదీ నిజమే. సలాం కొట్టి వచ్చేశాను.

మా వైపు చావు కబురు వింటే ఎక్కడివాళ్ళక్కడ, కట్టుబట్టలతోనే తలమీద నీళ్ళు పోసుకోవాలి. అప్పటిదాకా ముద్ద ముట్టకూడదు. దూరాన ఉన్న కొడుకు చెయ్యగలిగేది ఆ ఒక్కటే. అదీ చెయ్యకపోతే కన్నందుకు ఇంకేం మిగిలినట్టు? కానీ క్యాంపుకు నీళ్ళ ట్యాంకరు వచ్చి అప్పటికి రెండు మూడు రోజులైంది. డ్రమ్ములో అడుగున ఉన్నవి గదిలో అందరికీ తాగడానికి, వండుకోవడానికి. నా గదిలోనే ఉండే మామ, అంటే మా ఊరివాడే, వరసకు మామ, ఆ డ్రమ్ములోకి తొంగి చూసి వచ్చాడు.

"రేపు జుమ్మా గదా. కంపెనీ బస్సుల అబుదాబి పోదాం. ఆడ పార్కుల గడ్డికి పైపులతోని నీళ్ళు కొడుతరు. పైపు కింద కూసుంటే అయిపాయె," అన్నాడు.

ఆ బస్సు డ్రైవరు నెల్లూరు సాయిబు అప్పుడు మా గదిలోనే ఉన్నాడు. ఆయన నవ్వాడు. "అంత సముద్రం పెట్టుకోని పార్కెందుకు మామా?"

"ఉప్పునీళ్ళు మాకు పనికిరావు భాయ్. మా దిక్కు సముద్రమే లేదు. మా పెద్దలకు ఆ నీళ్ళు తెల్వయి."

అలా నేను పస్తుతోనే శుక్రవారం బస్సెక్కాను. ఆకలి మాత్రం లేదు.

పార్కు గేటుకు రంగురంగుల జెండాలు కట్టి ఉన్నాయి. లోపల తెల్లవాళ్ళు బిగుతు లాగులు, పొడుగు టోపీలు వేసుకుని తిరుగుతున్నారు. ఆడవాళ్ళ గౌన్లు గడ్డిని ఊడుస్తున్నాయి. ఒకడు ఒళ్ళంతా గజ్జెలు కట్టుకుని పిల్లిమొగ్గలు వేస్తున్నాడు.

"పెండ్లా ఏంది?" అన్నాడు మామ.

"కాదు మామా. వాళ్ళ దేశంలో వెనకటి రాజుల కాలాన సంత ఎట్టా జరిగేదో అట్టా యేసాలు కట్టి ఆడుకుంటన్నారు," అన్నాడు సాయిబు.

"మన పగటివేషాలోళ్ళ లెక్క. ఇంత దూరమొచ్చి వీళ్ళు గూడ ఊరినే యాది చేసుకుంటున్నరు, పాపం."

ఎవరి పిచ్చి వారికానందం. మాకు కావలసింది పైపు. తోటమాలి ఒక పఠాన్. అతను దూరం నుంచే చెయ్యి ఊపేశాడు. "ఆజ్ పానీ బంద్. సాబ్ లోగ్ కా మేలా హై. ఖలాస్." దొరల జాతర కాబట్టి ఈరోజు నీళ్ళు బందట, గడ్డి తడిస్తే గౌన్లు పాడవుతాయట. మామ బతిమాలాడు. అతను పైపు చుట్ట భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. బాత్‌రూముల దగ్గర తెల్లపిల్లల వరస. అక్కడ కుదరదు. మసీదు కొళాయి దగ్గర మైల నీళ్ళు పోసుకోవడానికి మామకు మనసొప్పలేదు.

చేసేదిలేక గడ్డిలో కూర్చున్నాం. సాయిబు వెళ్ళి కాల్చిన కోడికాలు కొని తెచ్చిస్తే మామ కసిరాడు, మైలలో ఉన్నవాడికి ఇస్తావా అని. ఎదురుగా ఇద్దరు కట్టెకత్తులతో కొట్లాడుకున్నారు. ఒకడు పొట్ట పట్టుకుని పడి చచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. చచ్చినవాడు లేచి గడ్డి దులుపుకుని నవ్వాడు. వాడు లేచినందుకు నాకు కోపమొచ్చింది. ముందురోజు సాయంత్రం నుంచి నాకు ఏమైనా అనిపించిందంటే అదొక్కటే. అది కూడా నిలవలేదు.

మామ ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. "అరే, మన ముదీర్‌ను బొండల ఏసిన్రు రా!"

చూస్తే నిజమే. ఒక పలకకు పెద్ద రంధ్రం, రెండు చిన్న రంధ్రాలు. పెద్దదాంట్లోంచి మా ముదీర్ తల, చిన్నవాటిలోంచి చేతులు. మామ తండ్రిని ఒకప్పుడు దొర గడీలో శిక్షగా ఇలాంటి బొండకొయ్యలోనే వేశారు. అది ఆటకు కూడా ఉంటుందని మామకెలా తెలుస్తుంది? పరుగున ఆ పలక దగ్గరికి వెళ్ళి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, మా వెనకే వచ్చిన సాయిబును బతిమాలడం మొదలుపెట్టాడు. "ఏం తప్పు చేసిండో ఏమో. ఇడిచిపెట్టుమని చెప్పు భాయ్. మనకు ఇంత బువ్వ పెట్టేటోడు."

సాయిబుకు నవ్వాగలేదు. అది ఆట, ఆయనే సరదాపడి దూరాడు, చిల్లర ఇస్తే బకెట్టులో ముంచిన స్పాంజి ముక్క ఇస్తారు, ముఖాన కొట్టొచ్చు అని చెప్పాడు. చెప్పి, ఒక ముక్క కొని నా చేతిలో పెట్టాడు.

"కొట్టబ్బయా. లీవియ్యలేదు గదా. ఈ పొద్దు ఏమన్నా పట్టించుకోడు."

స్పాంజి బరువుగా, చల్లగా ఉంది. నీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి. ముదీర్ నన్ను గుర్తుపట్టి, "కమాన్, కమాన్!" అని కేకేశాడు. ఆయన మీద నాకు పగేమీ లేదు. ఉంటే బాగుండుననిపించింది. మామ బకెట్టు దగ్గర వంగి వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. నా వైపు చూశాడు.

"మంచినీళ్ళే," అన్నాడు మెల్లగా.

నేను అక్కడే గడ్డిలో బాసింపట్టు వేసుకుని కూర్చుని స్పాంజిని నా తలమీద పిండుకున్నాను. ఆ కాసిని నీళ్ళు నుదుటి దాకా కూడా రాలేదు. అప్పుడు మామ బకెట్టు ఎత్తాడు. స్పాంజిలు అమ్మే ఆమె ఏదో అరిచింది. మామ వినిపించుకోలేదు.

"అక్కా, నీ పెద్దకొడుకు నీళ్ళు వోసుకుంటున్నడు," అని గట్టిగా చెప్పి, బకెట్టంతా నా తలమీద కుమ్మరించాడు.

ఊపిరాడలేదు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. అవ్వ ఇక లేదు, నేనెప్పుడు వెళ్ళినా ఉండదు అని అప్పుడు తెలిసింది నాకు. పళ్ళు టకటక కొట్టుకున్నాయి.

చుట్టూ జనం పడీపడీ నవ్వారు. చప్పట్లు కొట్టారు. గజ్జెలవాడు వచ్చి నా చుట్టూ ఎగిరాడు. బొండకొయ్యలోంచి ముదీర్ కూడా కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, ఎండకు తాళలేక పోసుకున్నాననుకుని, "బహుత్ గర్మీ?" అని అడిగాడు.

"యెస్ సర్," అన్నాను.