హాద్విగ్ తేనెపట్టులో దేవుడు

వెనకటి రోజుల్లో జర్మన్ దేశంలో మోసెల్ నది ఒడ్డున, క్రైస్తవ మఠం భూముల్లో బతికేవాళ్లలో హాద్విగ్‌ది తేనెటీగల ఇల్లు. ఆ ఇంటివాళ్లు ఏటా మఠానికి కట్టవలసింది ధాన్యం కాదు, మైనం. బలిపీఠం మీద కొవ్వొత్తి వెలగాలంటే హాద్విగ్ బుట్టల్లో ఈగలు బతకాలి. ఆ ఏడు చలికి ఈగలు గుప్పెళ్లకొద్దీ రాలిపోతుంటే, మొగుడు పోయి ఒంటరిగా ఉన్న హాద్విగ్‌కు గుండె జారిపోయింది. మైనం కట్టకపోతే ఇల్లు ఖాళీ చెయ్యమంటారు మరి!

ఊళ్లో ఆడవాళ్లకు అలాంటప్పుడు తెలిసిన మందు ఒకటుంది. క్రీస్తు తిరిగి లేచిన పాస్కా పండుగనాడు గుడిలో గురువుగారు నాలుక మీద పెట్టిన సత్ప్రసాదపు అప్పాన్ని హాద్విగ్ మింగలేదు. బుగ్గన దాచుకుని ఇంటికొచ్చి ఈగల బుట్టలో పెట్టింది. దొంగతనమే, దానికింకో పేరెందుకు? ఏడాదికొక్కసారి నోటికందే క్రీస్తు శరీరాన్ని పురుగులకు మందుగా వాడింది!

ఈగలు బతికాయి. కథ అక్కడితో ఆగినా బాగుండేది. మైనం తీసుకోవడానికి మఠం నుంచి వచ్చిన ఎక్‌బర్ట్ స్వామి బుట్ట తిరగేసి, పట్టు మధ్యలో చెక్కుచెదరని తెల్లటి అప్పాన్ని చూసి మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"అమ్మా హాద్విగ్! నీ ఈగలు గుడిలోంచి దేవుణ్ణి మోసుకొచ్చి, మైనంతో గుడి కట్టుకున్నాయి తల్లీ!"

నోరు తెరవవలసిన క్షణం అదే. ఆమె తెరవలేదు.

బుట్టను ఊరేగింపుగా మఠానికి తీసుకుపోయారు. ఎక్కడెక్కడి జనమో వచ్చిపడ్డారు. "నీకంటే నీ ఈగలకే భక్తి ఎక్కువే!" అని మిల్లు నడిపేవాడు ఎగతాళి చేస్తే అందరూ నవ్వారు, ఆమె మాత్రం తల దించుకుంది. యాత్రికులు దారిలో ఆపి చెయ్యి ముద్దు పెట్టుకుంటుంటే, ఆ చెయ్యి తెగిపడితే బాగుండుననిపించేది. గురువుగారి దగ్గర పాపం చెప్పుకోవడానికి గుడికి వెళ్లేది, వరుసలో నిలబడేది, తన వంతు రాకముందే వెనక్కి వచ్చేసేది.

మళ్లీ చలికాలం వచ్చింది. పక్కింటి గెర్లిండ్ కూతురికి జ్వరం పట్టుకుని వదల్లేదు.

"ఈగల మొర విన్న దేవుడు నా పిల్ల మొర వినడా అక్కా?" అని గెర్లిండ్ పిల్లను వీపున కట్టుకుంది. మంచులో మోకాళ్ల మీద మఠం మెట్లెక్కడానికి బయల్దేరింది.

"వద్దే, చలిగా ఉంది, పిల్ల తట్టుకోలేదు," అంది హాద్విగ్ వాకిట్లోంచి. అంతే అంది. అసలు మాట చెప్పకుండానే లోపలికి వెళ్లిపోయింది.

పిల్ల దక్కలేదు.

మట్టి చేసి వచ్చాక గెర్లిండ్ ఏడవను కూడా ఏడవలేదు. "ఈగలపాటి పుణ్యం కూడా చేసుకోలేదక్కా నేను. నా పాపమే పిల్లని మింగేసింది," అంది.

ఆ మాటతో హాద్విగ్‌కు ఇల్లూ వాకిలీ, మఠం, పరువు అన్నీ మనసులోంచి కొట్టుకుపోయాయి.

"నీ పాపం కాదే తల్లీ! ఈగలు ఏమీ తేలేదు. నేనే తెచ్చాను, ఈ బుగ్గన పెట్టుకుని. దొంగముండని నేను!"

గెర్లిండ్ ఆమె వైపు తిరిగింది.

"నేను మంచులో పాక్కుంటూ పోతున్నప్పుడు నీకీ సంగతి తెలుసా?"

"తెలుసు."

చెంప పగులుతుందనుకుంది హాద్విగ్. పగిలినా బాగుండేది. గెర్లిండ్ కొట్టలేదు, తిట్టలేదు. ఆమె చెయ్యి పట్టుకుని లేవదీసి వీధిలోకి లాక్కొచ్చింది.

"నడు. ఈపాటికి ఆ మెట్ల మీద ఇంకెవరి పిల్లో వణుకుతూ ఉంటుంది. ముందు ఆ తల్లికి చెప్పు."