మట్టిలో దాక్కున్న పసుపు ఎవరిది?

ముందే చెప్పేస్తున్నాను, గోరంతను కొండంత చేయడం నా అలవాటు. మా నందిపేట్ చేలో పండిన పసుపుకొమ్ము పొడుగెంతని అడిగితే నిజామాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫారాన్ని చూపిస్తాను. సగం కోసేసి చదువుకోండి.

తొంభైలలో ఒక చలికాలం పొద్దున మా గట్టు మీద జీపు ఆగింది. దాని దగ్గు గోదావరి అవతలి ఒడ్డుకు వినిపించింది. అందులోంచి దిగిన సర్వే సారు ఇనుప గొట్టంతో నేలను పొడిచి, ఏదో అరుదైన ఖనిజం కోసం వెతుకుతున్నామన్నాడు. రాకెట్లలో వాడతారట.

మా అవ్వ, అంటే అమ్మ, పసుపు ఆకుల్లోంచి లేచింది. "దొరికితే ఏం జేస్తరు సారూ?"

"సర్కారు ఏదైనా కంపెనీకి లీజుకిస్తుందమ్మా. పైన నేల మీదే. లోపలున్నది సర్కారుది."

"లోపలున్నదంతనా? పసుపు సుత లోపల్నే ఉంటది గద!"

బోధన్ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మామ, చెరుకు రైతు, మూరెడు మీసం మెలేశాడు. "గందుకే అక్కా, చెరుకు పెట్టుమన్న. దర్జాగ పైన నిలబడుతది. నీ పంటేమో దొంగలెక్క మట్టిల దాక్కుంటది."

"నోర్ముయ్‌రా! నీ చెరుకు వేర్లు గాలిల ఉన్నయా? రేపు వాటికి సుత లీజు రాస్తరు."

మీసం జారిపోయింది. సారు కడుపు పట్టుకుని నవ్వి, "పసుపు మీదేనమ్మా" అని అభయమిచ్చాడు. అవ్వ నమ్మలేదు. జీపు కదలగానే గడ్డపార అందుకుంది.

"అవ్వా, కొమ్ము ఇంక ఊరలే. లేతగున్నది" అని మొత్తుకున్నాను.

"లేతదైనా నాదైతది. ముదిరినంక ఎవనిదో!"

మేం తవ్విన తీరు చూసినవాళ్లు గోదావరికి కొత్త పాయ తీస్తున్నామనుకున్నారు. ఉడకబెట్టి ఎండబెట్టేసరికి కొమ్ములు అగ్గిపుల్లలయ్యాయి. మార్కెట్లో పంట అమ్మిపెట్టే అడ్తిదారు ఒకటి ఎత్తి చూసి, "పసుపు తెచ్చినవా అవ్వా, పండ్లు కుట్టుకునే పుల్లలా?" అన్నాడు. తొమ్మిది నెలల పంట, ఆ ఒక్క మాటతో తేలిపోయింది. జీపు మళ్లీ రాలేదు.

ఇక కల్పించిందేదో చెప్పాలి. అగ్గిపుల్లలు నిజం. మామ మీసం కొలత కూడా దాదాపు నిజం. సారు నవ్వి, పసుపు మీదేనని జవాబు చెప్పాడన్నదే నా కల్పన. అవ్వ అడుగుతూనే ఉంది, ఆయన గొట్టం జీపులో వేసుకుని వెళ్లిపోయాడు. ఖనిజం దొరికిందో లేదో, తవ్వుతారో లేదో, ఆ తర్వాత కూడా ఎవరూ వచ్చి చెప్పలేదు. పై ఏడు పసుపు పెట్టాలా వద్దా అని అవ్వ మమ్మల్ని అడిగింది. చివరికి కంకి నేలపైనే కాసే మక్కలు వేసింది.