మీ గొర్లు మంచిగున్నయా

నా చిన్నప్పుడు కుండలు కారేవి కావు. మొన్న మా కోడలు కోదాడ నుంచి ఒక కుండ తెచ్చింది. దానికి కొళాయి కూడా ఉంది. నీళ్లు కొళాయిలోంచి తప్ప మిగతా అన్ని వైపుల నుంచీ వస్తున్నాయి. ఈ సంగతి ఇంట్లో రెండుసార్లు చెప్పాను. "ఫ్రిజ్ ఉంది కదా మామయ్యా" అన్నారు. ఉంది. కానీ నాకు కుండ మీద పాత పట్టింపు ఒకటుంది. నేను చూసిన మొదటి ఎన్నిక కుండల్లోనే జరిగింది. అందులో నేను గెలిచాను. ఈ మాట ఇంతకాలం ఎవరికీ చెప్పుకోకపోవడానికి కారణం మాత్రం వినయం కాదు.

మా ఊరు సూర్యాపేట నుంచి మునగాల పోయే దారిలో ఉంటుంది. నైజాం పాలన పోయిన మరుసటి ఏడు జరిగిన సంగతి ఇది. మా తాతయ్య ఊరికి పటేలు. గొడవల కాలంలో ఏడాదిపాటు సూర్యాపేటలో చుట్టాలింట తలదాచుకుని, అంతా సద్దుమణిగాక తెల్ల గాంధీటోపీతో తిరిగొచ్చాడు. వెళ్లేటప్పుడు పెట్టుకున్న టోపీ వేరు. తల మాత్రం అదే.

మా తాతయ్య ఎవరినీ తిట్టగా నేను వినలేదు, ఎవరి మీదా చెయ్యెత్తగా చూడలేదు. అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్లను పిలిచి మంచిచెడ్డలు అడిగేవాడు. "ఏమ్ర, మీ బర్రె ఈనిందంట గదా, యాడ మేపుతున్నవ్?" అనేవాడు. మర్నాడు ఆ ఇంటి నుంచి పాలచెంబు వచ్చేది. "మీ పెద్దోడు మంచిగ ఎదిగిండు, నాగలి పట్టుడు వచ్చిందా?" అనేవాడు. మర్నాడు ఆ పెద్దోడు మా పొలంలో నాగలి పట్టుకుని కనిపించేవాడు. ఊరి బాగోగులు ఇంతగా పట్టించుకునే మనిషి మరొకరు లేరని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. పలకరించడమంటే ఇట్లాగే అని కూడా నమ్మాను.

ఆ ఏడు బడికి కొత్త పంతులు వచ్చాడు. ఆయనది మునగాల. చుట్టూ నైజాం రాజ్యమే అయినా మునగాల మాత్రం ఆంధ్ర జిల్లా కింద లెక్క. అందువల్ల వాళ్లకు స్వరాజ్యం మాకంటే ఏడాది ముందే అందింది. దాన్ని ఏం చేసుకోవాలో ఆయనకు మాకంటే ఏడాది ఎక్కువ తెలుసు. వచ్చిన కొన్నాళ్లకే తరగతికి ఒక పెద్ద ఉండాలన్నాడు. "ఎవరుండాలో నేను చెప్పను. మీరే చెప్పాలి" అన్నాడు. అందరం ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. పెద్దవాళ్లు మమ్మల్ని ఏదైనా చెప్పమని అడగడం, చెప్పాక కొట్టకపోవడం అంతవరకు మా అనుభవంలో లేదు.

ఇద్దరు నిలబడ్డాం. ఒకణ్ణి నేను. నన్ను ఎవరూ నిలబెట్టలేదు. ఊళ్లో ఏది మొదలైనా మా ఇంటి పేరుతోనే మొదలయ్యేది, అది అలవాటు. రెండోవాడు గొర్లు కాచే ఇంటి పిల్లవాడు. వాణ్ణి తరగతంతా నిలబెట్టింది. అంతకుముందు వానాకాలం బడి వదిలే వేళకు వాగు పొంగితే, అందరి చేతులూ గొలుసులా పట్టించి, తాను ముందు దిగి కర్రతో లోతు చూసుకుంటూ ఒడ్డు చేర్చింది వాడే. ఆ గొలుసులో నేను మూడోవాణ్ణి. నా చెప్పులు కూడా వాడే పట్టుకున్నాడు. వాడి దగ్గర గొప్ప మాటలేమీ ఉండేవి కావు. ఎవరు వెనకబడ్డారో తిరిగి చూసుకునేవాడు, అంతే. నాయకత్వం మీద తర్వాత నేను కాలేజీలో లావు పుస్తకాలే చదివాను. అంతకుమించి వాటిలో కూడా ఏమీ లేదు.

ఆ ఎన్నిక మీద వాడికి ఒక బతుకే ఆధారపడి ఉంది. చదువు మాన్పించి మందకు పంపాలని వాళ్లయ్య అప్పటికే అనుకుంటున్నాడు. కొడుకు బతిమాలితే చివరికి ఒక మాటిచ్చాడట. ఆ మాట వాడే మాతో సంబరంగా చెప్పాడు: "బళ్లె పెద్దనైతె సదువుకో అన్నడు మా అయ్య. కాకుంటె ఎండకాలం మందెంబడి పాలకీడు దిక్కు, కిష్ణ ఒడ్డుకు నడువు అన్నడు." ఇది నాకు తెలుసు. తెలియదని ఇన్నేళ్లలో నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను గానీ, తెలుసు.

వాడు గెలుస్తాడని కూడా తెలుసు. ఓడితే ఇంట్లో ముఖం ఎట్లా చూపించాలన్నదొక్కటే నా బెంగ. అందుకని ఎన్నికకు ముందు రెండు రోజులు నేను ఏ తప్పుడు పనీ చెయ్యలేదు. అందరి మంచిచెడ్డలు అడిగాను. కుమ్మరింటి పిల్లవాణ్ణి, "మీ నాయిన ఇంకా మా చెల్క చేన్ల మన్నే తెస్తుండా?" అని అడిగాను. బట్టలుతికే ఇంటి పిల్లను, "మీ అమ్మకు జరమొచ్చిందంట గదా, మా బట్టలు ఇంకెవరికన్న ఇయ్యమందునా?" అని పరామర్శించాను. గొర్లింటి పిల్లవాణ్ణి బడి గుమ్మంలో ఆపి, "మీ గొర్లు మంచిగున్నయా? ఎండలు ముదురుతున్నయి. మా బాయికాడనే తాగుతున్నయంట గదా" అన్నాను. వాడు పలక చంకలోకి మార్చుకున్నాడు. "ఆ" అన్నాడు.

పంతులు రెండు కుండలు తెప్పించి పక్కగదిలో పెట్టాడు. సున్నపు బొట్టు పెట్టింది నాది, ఎర్ర జాజు గీత గీసింది వాడిది. ఇరవై ఆరుగురికి తలా ఒక చింతగింజ ఇచ్చి, ఒక్కొక్కరే లోపలికి వెళ్లి నచ్చిన కుండలో వేసి రమ్మన్నాడు. ఎవరు ఎందులో వేశారో దేవుడికి కూడా తెలియదని మరీ మరీ చెప్పాడు. పాపం, ఆయన మా తాతయ్యను చూడలేదు.

అందరూ వేసి వచ్చాక కుండలు బయటికి తెచ్చాడు. నాది వంచితే గింజలు గలగలా రాలాయి. వాడిది వంచితే ఒక సాలెపురుగు బయటికి వచ్చి, ఇంతమందిని చూసి, మళ్లీ లోపలికి పోయింది. ఆయన కుండ అడుగున రెండుసార్లు తట్టాడు. ఇంకేం రాలేదు. నేను మాత్రం లేచి నిలబడి చప్పట్ల కోసం చూస్తున్నాను.

పంతులు గింజలు లెక్కపెట్టలేదు. నన్ను చూసి, "ఏం చేశావు?" అన్నాడు.

"ఏం చెయ్యలేదు సార్. అందర్ని మంచిచెడ్డలు అడిగిన."

"ఏమని అడిగావు? అడిగినట్టే మళ్లీ అడుగు."

పాఠం అప్పజెప్పమంటే వెనకాడేవాణ్ణి గానీ, ఇది నాకు బాగా వచ్చు. బట్టలుతికే ఇంటి పిల్ల వైపు తిరిగి, "మీ అమ్మకు జరమొచ్చిందంట గదా" అని మొదలుపెట్టాను.

"నీకే ఏసిన పటేలా" అంది ఆ పిల్ల, నా మాట పూర్తి కాకముందే.

కుమ్మరింటి పిల్లవాడి వైపు చూశాను. నేనింకా నోరు తెరవనే లేదు. "నేను గుడ నీకే" అన్నాడు వాడు.

అప్పటికి నా గొంతు తగ్గింది. పంతులు కానివ్వమన్నట్టు తలూపాడు. మూడోవాడి వైపు తిరిగి, "మీ గొర్లు మంచిగున్నయా?" అన్నాను. తరగతి ముందు, పట్టపగలు, అంతమంది మధ్య ఆ మాట నా చెవికి కొత్తగా వినిపించింది. అది నా గొంతు కాదు. అరుగు మీది గొంతు.

వాడు లేచి నిలబడ్డాడు. "మంచిగనే ఉన్నయి చిన్న పటేలా. నేను గుడ నీకే ఏసిన" అన్నాడు.

లెక్కల్లో నేను మరీ మొద్దును కాను. అయినా ఇరవై ఆరులో వాడు కూడా ఉన్నాడని అప్పుడే తట్టింది. వాగులో నా చెప్పులు పట్టుకున్న చెయ్యే నా కుండలో గింజ వేసింది.

పంతులు నన్ను కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు. "రేపు మళ్లీ వేద్దాం" అన్నాడు.

"మళ్ల ఏసినా గంతే సార్" అంది ఆ పిల్ల. ప్రజాస్వామ్యం గురించి నేను చదివిన నిర్వచనాలన్నీ పరీక్షల్లో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఈ నిర్వచనం మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

మర్నాడు వాడు బడికి రాలేదు, ఎన్నిక మళ్లీ జరగలేదు. మూడోనాడు కూడా రాలేదు. పంతులు నన్ను పిలిచాడు. "నువ్వు తరగతి పెద్దవి. రానివాళ్లను పిలుచుకురావడం పెద్ద పని. వెళ్లి వాణ్ణి తీసుకురా" అన్నాడు. నాకు ఆ పదవి ఉన్న సంగతి ఆయన గుర్తు చేసింది ఆ ఒక్కసారే.

ఎండలో నడిచి వెళ్లాను. గొర్ల దొడ్డి ఖాళీగా ఉంది. కంచె మూలన వాడి పలక ఉంది. దాని మీద కోడిపిల్లలకు నూకలు పోసి ఉన్నాయి. గుడిసె ముందు వాళ్ల నాయనమ్మ కూర్చుని గొంగడికి ఉన్ని వడుకుతోంది. దారి పొడవునా నేను ఒక మాట కూర్చుకుంటూ వచ్చాను. తప్పు నాదని, బావి దగ్గరికి గొర్లను ఎవరూ ఆపరని, వాణ్ణి బడికి పంపమని. అన్నీ వరుసగానే పెట్టుకున్నాను. తీరా నోరు తెరిస్తే మా ఇంట్లో నేర్చిన మాటే బయటికి వచ్చింది. "అవ్వా, అందరు మంచిగున్నరా?" అన్నాను.

అప్పటి నుంచి ఆ మాట నా నోట సరిగ్గా పలకదు. పెళ్లిళ్లకు వెళితే చుట్టాలను చూసి నవ్వి ఊరుకుంటాను. నాకు మర్యాద తెలియదని మా ఆవిడ పోయేదాకా అంటూనే ఉంది. ఇప్పుడు ఎన్నికలు వస్తే నాయకులు మా ఇంటికీ వస్తారు. "బాగున్నారా పెద్దాయనా, పింఛను వస్తోందా, పిల్లలు ఎక్కడ పనిచేస్తున్నారు?" అని చేతులు పట్టుకుని అడుగుతారు. ఎంత బాగా పలకరించాడో అని మా మనవడు మురిసిపోతాడు. వాళ్లలో నిజంగానే మంచి కోరి అడిగేవాళ్లు ఉంటారు, ఉండాలి కూడా. నేను మాత్రం నా చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంటాను. అది వాళ్ల మీద అనుమానం కాదు. ఆ పలకరింపు ఏం చేయగలదో నాకు తెలుసు.

ఆనాడు ఆ ముసలమ్మ కదురు ఆపింది. నన్ను కింద నుంచి మీదికి ఒకసారి చూసింది.

"మళ్ల మంచిచెడ్డలు అడగనీకి వచ్చినవా చిన్న పటేలా? గొర్లు బోయినయి, పోరడు బోయిండు. ఇగ మా ఇంట్ల దేని మీద పడ్డయి నీ కండ్లు?"