మా బావ మెదడులో తెగని నరం

ఆ రోజుల్లో నాకు తెలియని జబ్బంటూ లేదు. వారపత్రికల్లో డాక్టర్ల సలహాలన్నీ చదివి, కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలో తోటివాళ్లకు ఉచితంగా పంచేవాణ్ని (అడక్కపోయినా). ఇన్నాళ్లకైనా ఒక నిజం రాయాలి: మా బావ మెదడులో ఏ నరమూ తెగలేదు. తెగిందని ఊరంతా చాటింది నేనే.

బావంటే మా అక్క మొగుడు. ఉద్దానం తీరాన మా ఊళ్లో వేటపడవ నడిపేవాడు. ఒక ఉదయం మంచం మీద కుడివైపుకు తిరిగాడో లేదో, "పడవ తిరగబడిపోతంది, దూకేయండ్రా!" అని కేకేసి మంచంకోడును కావలించుకున్నాడు. పక్కనున్న అక్క నిజంగానే దూకింది, కోళ్లగంప మీదకి. కాసేపటికి తిరుగుడు ఆగింది. మళ్లీ అటు తిరిగితే మళ్లీ మొదలు. "మెదడులో నరం తెగింది బావా, కదలకు," అని అతని మెడ చుట్టూ తువ్వాలు బిగించి, పడవవాళ్లకూ అదే చెప్పొచ్చాను. వాళ్లు హడలిపోయి, "మావ ఇంక ఒడ్డునే ఉండాల," అని చుక్కాని ఇంకొకడికి ఇచ్చేయబోయారు. అది విని బావ అన్నం మానేశాడు.

అక్క పోరగా పోరగా పలాస తీసుకెళ్లాం. చెవి డాక్టరు గారు "ఎప్పుడు తిరుగుతుంది? ఎంతసేపు?" అని బావనే అడిగారు (జవాబులు నేను చెబుతుంటే చేత్తో ఆపారు). బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టి, తలను బల్ల అంచున వేలాడదీశారు. "కళ్లు మూయకండి, నా ముక్కు చూడండి." బావ కనుగుడ్లు వల్లో పడ్డ చేపల్లా గిలగిల్లాడాయి. "సంపేత్తన్నారు బాబోయ్!" అని అరిచింది బావ కాదు, నేను. బావ వాంతి మాత్రం నా కొత్త చొక్కా మీదే.

"చెవి లోపలి సన్నటి రేణువులు చోటు తప్పాయి, అంతే," అన్నారాయన. తలను అలాగే పట్టుకుని ఎడమకు తిప్పి, మనిషిని పక్కకు దొర్లించి, లేపి కూర్చోబెట్టారు. కాసేపాగి మళ్లీ పడుకోబెడితే కళ్లు కదల్లేదు.

"స్కానింగు? మాత్రలు?" అన్నాను.

"ఆయనకు అక్కర్లేదు. మీకేమైనా కావాలా?"

ఆ సాయంత్రం పడవవాళ్ల ముందు బావ ఇసుకలో అటూ ఇటూ దొర్లి చూపించాడు.

"మరి నరం తెగిందన్నాడేటి నీ బామ్మర్ది?"

"ఆడు జీడిపిక్కల డాక్టర్రా! ఆ వల ఎక్కించండి."

మొన్న నా వంతు వచ్చింది. కుడికి ఒత్తిగిలగానే ఇంటికప్పు గిర్రున తిరిగింది. ఫోను చేస్తే బావ పరుగున వచ్చి, నా చెయ్యి పట్టుకుని, "ఏ నరమండీ డాక్టరు గారూ?" అన్నాడు. పలాస చేరేదాకా మళ్లీ ఆ మాటెత్తలేదు. బల్ల అంచున తల వేలాడేసుకుని డాక్టరు ముక్కు చూస్తుంటే, నరం తెగిందని ఊరంతా చాటిన ఆనాటి కుర్రాడు గుర్తొచ్చాడు. పాపం, వాడి తలను కూడా ఎవరైనా ఓసారి ఇలా పట్టుకుని తిప్పి ఉంటే, లోపల చోటు తప్పినవి కొన్ని సర్దుకునేవేమో.