ఆ గొట్టం

వీధిలో అందరూ ఆమెను క్లచ్చక్క అనేవారు. క్లచ్, అక్క అనే రెండు మాటలు అతుక్కుని ఏర్పడిన పేరది. మొదటిది పరాయి మాటే అయినా సంధి మాత్రం ఏ పేచీ లేకుండా కుదిరింది. కారు నడపడం నేర్పడం ఆమె వృత్తి. పక్క సీటులో కూర్చుని "క్లచ్! క్లచ్ తొక్కు!" అని ఆమె పెట్టే కేక వీధి మలుపు దాకా వినబడేది.

చెల్లెలి పురిటికని వెళ్ళి వారం తర్వాత ఇంటికి వచ్చేసరికి వాకిలంతా బురదగా ఉంది. మొక్కల కోసం వేసిన నీళ్ళ గొట్టం కారు వెనకాల పడి బొట్టుబొట్టుగా కారుతోంది.

"గొట్టం మూసెయ్యమని చెప్పి వెళ్ళాను కదా అత్తయ్యా?"

"మూశానే తల్లీ! చెప్పాక మూయకుండా ఉంటానా?" అని అత్తగారు మూతి ముడుచుకున్నారు.

ఆ మాట నమ్మదగినదే. మూత లేని గిన్నె, తెరిచిన డబ్బా, బార్లా ఉన్న తలుపు కనబడితే ఆవిడకు కునుకు పట్టదు. ఎదుటివాళ్ళు ఆవలిస్తే వాళ్ళ నోటికి తానే చెయ్యి అడ్డం పెట్టే మనిషి. అలాంటి మనిషిని అబద్ధమాడిందని అనలేక, కారుతున్న నీళ్ళను కాదనలేక క్లచ్చక్క కాళ్ళ బురద కడుక్కుని పడుకుంది.

మరునాడు బేకరీ వదినకు లైసెన్సు పరీక్ష. వీధి చివర బేకరీ నడిపే ఆ ఇల్లాలి భర్తకు చూపు మందగించింది. ఆమె చేతికి లైసెన్సు వస్తే తప్ప రొట్టెల బండి కదలదు. అప్పటికే రెండుసార్లు తప్పింది. రెండోసారి మరీ అన్యాయం: "ఆ స్తంభం దగ్గర ఆపండి" అన్నాడు అధికారి. అక్కడ మూడు స్తంభాలున్నాయి. ఏదని అడగడానికి భయపడి ఈమె వేరే దాని దగ్గర ఆపింది. నేర్చుకోవడానికిచ్చిన అనుమతి గడువు ఈరోజుతో సరి. క్లచ్చక్క నేర్పే ఈ పాత తెల్ల కారు తప్ప మరో కారు ఆమె కాళ్ళకు అలవాటు లేదు.

ఆ కారే ఇప్పుడు మొండికేసింది. తాళం తిప్పగానే గర్రుమంది, వణికింది, ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ అంతే.

మెకానిక్కు ఫోన్ చేస్తే, "ఇంజన్ పని అయిపోయుంటుందక్కా. సాయంత్రం వచ్చి చూస్తా" అన్నాడు.

"సాయంత్రానికి నా పనీ అయిపోతుంది!" అంది వదిన, కళ్ళనిండా నీళ్ళతో.

"ఏడుపు తర్వాత. ముందు గేటు బార్లా తియ్యి. బండి పొగతో ఆటలొద్దు, గాలి ఆడాలి" అని క్లచ్చక్క కొంగు నడుముకు దోపింది.

హారన్ కొట్టింది. గోడ మీది పిల్లి ఎగిరి పక్కింట్లో పడింది. అంటే బ్యాటరీ నిక్షేపంగా ఉంది. పెట్రోలు ఉంది. ఎయిర్ ఫిల్టర్ విప్పి వెలుతురులో చూసింది. శుభ్రంగా ఉంది.

"ఊపిరి లోపలికైతే వెళ్తోంది వదినా. మరి బయటికి..." అని ఆగిపోయింది. ఆ సగం వాక్యమే ఆమెకు దారి చూపింది. వాక్యం పూర్తి చేయాల్సింది క్రియ కదా. ఆ క్రియను వెతుక్కుంటూ ఆమె కారు వెనక్కి పరుగెత్తింది.

వదిన చేతిలోని బేకరీ కాగితం సంచిని లాక్కుని, ముక్క చింపి, పొగ గొట్టం మూతి వెనక పట్టుకుంది. "తిప్పు తాళం!"

ఇంజన్ గర్రుమంది. మామూలుగా అయితే రెపరెపలాడాల్సిన కాగితం రవ్వంత కూడా కదలలేదు. పైగా కారు కింద ఎక్కడో బుస్సుమంది. ఆమె బురదను లెక్కచేయకుండా నేలకు చెవి ఆనించింది. గొట్టం అతుకు దగ్గర, వెళ్ళే దారి లేని గాలి సందు చేసుకుని చీదుతోంది.

"చావలేదు వదినా! ఇంజన్ బతికే ఉంది! ఊపిరి వదిలే దారి లేక కొట్టుకుంటోంది, అంతే!"

"అయితే పరీక్షకు వెళ్తామా అక్కా?"

"టార్చి పట్టు ముందు! లోపల... పసుపు పూలు!"

"పూలేంటక్కా?"

"పూల గుడ్డ!"

అప్పుడే గడప దాటి వచ్చిన అత్తగారు వంగి చూశారు. "అది నా పాత దిండు గలీబు కదే! తియ్యకు, కష్టపడి పెట్టాను."

"మీరు పెట్టారా!"

"నువ్వే కదా మూసెయ్యమన్నావు? ఎలకలు దూరతాయనేమో అనుకుని చీపురుకర్రతో లోపలికి కుక్కాను. బయటికి కనబడితే చూడ్డానికి బాగుండదని."

ఊరెళ్ళేటప్పుడు ఆటోలో ఒక కాలు, చేతుల్లో సంచులతో, "ఆ గొట్టం మూసెయ్యండత్తయ్యా!" అని తానన్న మాట క్లచ్చక్కకు చప్పున గుర్తొచ్చింది. ఆ, ఈ, ఏ అనే మూడింటినీ వ్యాకరణంలో త్రికమంటారు. అక్షరాల్లో ఇంత చిన్నవి, బాధ్యతలో ఇంత పెద్దవి భాషలో మరి లేవు. "ఆ" అన్నప్పుడు వేలు కూడా లేచే కాలం ఒకటుండేది. చూపించినవాడూ చూసినవాడూ ఒక్క క్షణం ఒకే వైపు తిరిగేవారు. ఇప్పుడందరూ వెళ్తూ వెళ్తూ మాట్లాడుతున్నారు. వేళ్ళకు సంచులే సరిపోతున్నాయి.

క్లచ్చక్క బట్టల హ్యాంగర్ తీగను వంచి కొక్కెం చేసింది. గొట్టం చల్లారాక లోపలికి పంపి లాగింది. జారింది. మళ్ళీ లాగింది. వదిన ఆమె నడుము పట్టుకుంది, అత్తగారు వదిన కొంగు పట్టుకున్నారు. గలీబు ఒక్కసారిగా ఊడి రాగానే ముగ్గురూ బురదలో కూలబడ్డారు. లేచి తాళం తిప్పితే కారు హాయిగా గొంతు సవరించుకుని నల్లటి పొగ వదిలింది.

"గిన్నెలు మూసుకుంటే సరిపోయేది కదత్తయ్యా, కారు నోరు కూడానా!"

"నోరెక్కడే, అది వెనకవైపు!" అన్నారు అత్తగారు. నవ్వు ఆపుకోలేక వదిన స్టీరింగ్ మీద వాలిపోయింది.

బయలుదేరే ముందు క్లచ్చక్క నీళ్ళ గొట్టం దగ్గరికి వెళ్ళి, దాన్ని చేత్తో తాకి మరీ చెప్పింది: "అత్తయ్యా, ఈ గొట్టం."

పరీక్ష మైదానంలో అధికారి కాగితాల్లోంచి తల ఎత్తకుండానే, "ఆ స్తంభం దగ్గర ఆపండి" అన్నాడు.

కంచె అవతల నిలబడ్డ క్లచ్చక్క ఊపిరి బిగబట్టింది. బురద మరకల చీరతో వదిన బ్రేకు మీద కాలు పెట్టి, కిటికీలోంచి మైదానమంతా వినబడేలా అడిగింది.

"ఏ స్తంభం సార్?"

అధికారి తల ఎత్తి, వేలు చూపించాడు.