మూలలో చచ్చిన గుంపు

కాజితా అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. గురువుగారి ఇంట్లో ఇద్దరం ఒకే గదిలో పెరిగాం. గీతల బల్ల మీద నల్లరాళ్లూ తెల్లరాళ్లూ పెట్టి ఎదుటివాడి గుంపుల్ని చుట్టుముట్టే గో ఆటలో రాయి పట్టుకోవడం నుంచి గుమ్మంలో చెప్పులు సర్దడం దాకా నాకు అన్నీ నేర్పింది ఆయనే. "ఒరేయ్ హిబినో, ఓడిపోతే ఏడువు, పర్లేదు. ఆట తిరగేసుకునేటప్పుడు మాత్రం అబద్ధమాడకు," అనేవాడు. ఆట ముగిశాక ఇద్దరూ రాళ్లు మళ్లీ పేర్చుకుని, ఎక్కడ ఏం తప్పిందో దాచుకోకుండా చెప్పుకోవడం మా వృత్తిలో మర్యాద. నాకు తెలిసి దాన్ని మంటగలిపినవాణ్ణి నేనొక్కణ్ణే.

నాకు నలభై నాలుగేళ్లప్పుడు నగోయాలో ఆయనతోనే ఆట పడింది. గెలిస్తే, వృత్తిలోకి వచ్చిన ఇరవై రెండేళ్లకు మొట్టమొదటిసారి పెద్ద పోటీలో అడుగుపెడతాను. "ఇవాళ ఓడితే నాకిక పోటీలు చాలురా. కువానా వెళ్లి ముసలాళ్లకి ఆట చెప్పుకుంటా," అన్నాడాయన, మధ్యాహ్నం నూడుల్స్ తింటూ. నేను నవ్వేసి ఊరుకున్నాను.

నాలుగు దాటాక ఆయన తెల్లరాళ్ల గుంపునొకదాన్ని మూలలో చుట్టుముట్టాను. అది చస్తే ఆట నాది. చుట్టేశాక కనబడింది: అంచు నుంచి రెండో గీత మీద ఒక్క తెల్లరాయి పెడితే ఆ గుంపు బతుకుతుంది, నా పని అయిపోతుంది. నా ముఖంలో తెలిసిపోతుందేమోనని టీ కప్పు ఎత్తాను. అందులో టీ లేదు. అయినా తాగాను. ఆయన పదకొండు నిమిషాలు చూసి, తల వంచి, "ఓడిపోయాను," అన్నాడు.

ఇంతవరకు నా తప్పేం లేదు. ఆడేటప్పుడు నోరు మూసుకోవడం నేరం కాదు.

తర్వాత తిరగేసుకుంటుంటే ఆ మూల దగ్గర ఆయన చెయ్యి ఆగింది. "ఇక్కడ బతికే దారేమైనా ఉందంటావా?"

"లేదన్నా. అదెప్పుడో చచ్చింది."

ఎందుకన్నాను? ఉందంటే నా గెలుపు బిచ్చంగా దొరికినట్టవుతుందని. ఇంకే గొప్ప కారణమూ లేదు. ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ నెలలోనే పోటీలు మానేశాడు. పెద్ద పోటీలో నేను మొదటి ఆటలోనే చిత్తయ్యాను. ఈ మాత్రం దానికేనా అని ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతుంటాను.

తొమ్మిదేళ్ల తర్వాత కువానాలో తన క్లబ్బుకు రమ్మని పిలిస్తే వెళ్లాను. గోడకు నిలబెట్టిన పెద్ద బల్ల మీద అదే మూల కనబడింది. "తెల్లవాటిని బతికించండి చూద్దాం," అన్నాడు అన్న. ముందు వరసలో కూర్చున్న ఒగిసో అనే పెద్దావిడ, నత్తగుల్లల కొట్టావిడ, అర నిమిషంలో లేచి ఆ చోటు చూపించింది.

"భేష్. ఇది నా ఆఖరి ఆట, వీడితోనే. ఇంటికెళ్లిన మూడో రోజున దొరికింది నాకు. ఆ రోజు మా ఇద్దరికీ తట్టలేదు."

"ఊరుకోండి మేష్టారూ. మీరు కంగారులో ఉన్నారు, సరే. నాకే కనబడింది, ఈయనకి కనబడకుండా ఉంటుందా?" అంది ఆవిడ. అందరూ నవ్వుతూ నా వైపు తిరిగారు.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను రాదు. నోరు కూడా తెరిచాను.

ఈలోగా అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన నవ్వడం లేదు. "వీణ్ణి నేను పెంచానమ్మా. చూసుంటే నాకు చెప్పకుండా ఉండడు."

"కనబడలేదమ్మా," అన్నాను.

ఆవిడ ముఖం చిన్నబోయింది. అంతమంది ముందు నడుము వంచి, నన్ను క్షమించమని అడిగింది.