మిలిటరీ మామ బుక్కులో ఒక లైను

మిలిటరీ మామ పోయాడని అత్తమ్మ ఫోన్ చేసినప్పుడు నేను నాగర్‌కర్నూల్‌లో ఒక కొట్టు ముందు నిలబడి రాగి తీగ తూకం వేయిస్తున్నాను. పొద్దున పదిన్నర అయి ఉంటుంది.

"అల్లుడా, మీ మామ లేస్తలేడు. డాక్టర్ వచ్చి చూసి అయిపోయిందన్నడు" అంది.

నేను నవ్వాను. "సరేగని, ఫోను ఆయనకియ్యి. నేను లేపుత" అన్నాను.

 వెనకాల ఎవరో ఏడుస్తున్న చప్పుడు వినిపించింది. అయినా నమ్మలేదు. నేను చేసిన తమాషాలన్నిటికీ ఏదో ఒకరోజు బదులు తీర్చుకుంటానని ఆయన అంటుండేవాడు. ఆ రోజు ఇదే అనుకున్నాను. తూకం వేసే మనిషి ఎంత కావాలని రెండుసార్లు అడిగాడు. జవాబు చెప్పకుండా తీగ అక్కడే వదిలేసి బస్సెక్కాను.

గోపాల్‌పేటలో దిగేదాకా ఏడుపు రాలేదు. దిగాక కూడా రాలేదు. ఇన్ని నెలలైనా రాలేదు. చూసినవాళ్లు ఏమనుకున్నారో నాకు తెలియదు. గడ్డం గీసుకోని మామ ముఖాన్ని నేను జన్మలో చూడలేదు. ఆ రోజు చూశాను. దవడ మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంది. నాకు అదొక్కటే గుర్తుంది. ఎవరు వచ్చారో, ఎవరు మోశారో అడిగితే చెప్పలేను.

ఆయన నాకు చుట్టం కాదు. ఎదురింటి మనిషి. నా చిన్నప్పుడే పటాలం నుంచి పింఛను మీద తిరిగొచ్చాడు. పిల్లలు లేరు. నేను ఏడో తరగతిలో బడి మానేసి బోరు మోటార్లకు రాగి తీగ చుట్టే వైండింగ్ పనిలో పడ్డప్పుడు ఊళ్లో అందరూ తిట్టారు. ఈయన తిట్టలేదు. కాలిపోయిన మోటారు పక్కన నన్ను కూర్చోబెట్టి, దాని మీద రేకు ముక్కపై ఉన్న ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చదివించాడు. "గిది చదివితే చాలురా. మోటారు దాని పేరు అదే చెప్పుకుంటది" అన్నాడు. ఈ రోజుకీ నాకు వచ్చిన ఇంగ్లీషు అంతా ఆ రేకుల మీదిదే.

నేను సొంతంగా షాపు పెట్టుకున్నాక, రోజూ పొద్దున్నే బోర్లించిన డబ్బా మీద వచ్చి కూర్చునేవాడు. వీపు ఆనించేవాడు కాదు. చాయ్ రెండు గుటకల్లో తాగేసేవాడు. అన్నం నిలబడే తినేవాడు. ఎందుకు మామా అంటే, "కూసుండి తింటే నిద్రొస్తది. నిద్రొస్తే నీ అసుంటోడు వచ్చి చెప్పులు ఎత్కపోతడు" అనేవాడు. ఆయన చెప్పులు నేను ఎన్నిసార్లు దాచానో లెక్క లేదు.

ఒకసారి ఆయన, అత్తమ్మ ఇద్దరూ ఒక పెళ్లికి పోయి వచ్చేలోగా వాళ్ల గోడ మీద ఎర్ర రంగుతో 'మిలిటరీ హోటల్' అని రాశాను. రాయచూరు వైపు మాంసం వండే హోటళ్లను అట్లా అంటారు. మర్నాడు రాయచూరు వైపు పోయే లారీ ఆగింది. ఇద్దరు దిగి, మటన్ ఉందా అని అడిగారు. నేను షాపులో మోటారు వెనక దాక్కొని చూస్తున్నాను. మామ గోడ వంక చూశాడు, నా షాపు వంక చూశాడు. "మటన్ లేదు గని, జొన్నరొట్టె, పచ్చిపులుసు ఉన్నయ్. రాండ్రి" అని లోపలికి తీసుకుపోయి తిండి పెట్టి పంపించాడు. ఆ గోడ మీది రాత ఆయన చెరపలేదు. వానలకు అదే పోయింది.

పతకం సంగతి చెప్పాలి. చిన్న వయసులో లడాయిలో ఆయన తొడలో గుండు ముక్క దిగింది. నెలల తరబడి మిలిటరీ దవాఖానలో ఉన్నాడు. అట్లా గాయపడ్డవాళ్లకు ఒక మెడల్ ఇస్తారు. ఈయన దవాఖానలో ఉండగానే పటాలం వేరే చోటికి కదిలింది. ఆ కదలికలో ఈయన పుస్తకంలో ఆ మెడల్ ఎక్కలేదు. పింఛను మీద వచ్చేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి బుక్కులో మూడు మెడల్స్ రాసి ఉంటే, జెండా పండుగ నాడు కోటుకు మూడే పెట్టుకునేవాడు. నాలుగోది అడుగు మామా అంటే, "బుక్కుల రాయకపోతే ఏమైందిరా, కాలు మీద రాసిండ్రు కదా" అనేవాడు. అని నవ్వేవాడే కానీ, ఆ రోజు మాత్రం చాయ్ పూర్తిగా తాగేవాడు కాదు.

నాకు అది కనిపించింది. కనిపించాక ఊరుకుంటే బాగుండేది. ఇరవై ఏళ్ల కింద, వనపర్తిలో టైపు నేర్పే చోట ఒక ఉత్తరం కొట్టించాను. మీకు మెడల్ మంజూరైంది, ఫలానా రోజు కోటు వేసుకొని పాలమూరు రండి అని. గుండ్రని ముద్ర కూడా వేయించి పోస్టులో పంపాను. ఆయన కోటు ఇస్త్రీ చేయించుకొని, తెల్లారకముందే బస్సెక్కి పోయాడు. బస్టాండు దాకా పోతాడు, ముద్ర చూసి నవ్వుకొని వెనక్కి వస్తాడు అనుకున్నాను. రాలేదు. పొద్దుగూకేదాకా అక్కడి ఆఫీసు వరండాలో కూర్చొని వచ్చాడు. మర్నాడు ఎప్పటిలాగే వచ్చి డబ్బా మీద కూర్చున్నాడు.

"టైపు ఎక్కడ కొట్టించినవ్ రా?" అని అడిగాడు.

"వనపర్తిల."

"మంచిగ కొట్టిండు. ఒక్క తప్పు లేదు" అన్నాడు.

అంతే. అత్తమ్మకు చెప్పలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. నేను కూడా క్షమించమని అడగలేదు. అడిగే అలవాటు నాకు లేదు.

పోయిన ఏడు వానాకాలంలో ఒకరోజు నవ్వుకుంటూ షాపుకు వచ్చాడు. "ఈసారి కాగితం కూడ మంచిది తెచ్చినవ్. ముద్ర అయితే అసలు లెక్కనే ఉంది. ఖర్చు బాగనే పెట్టినవ్ రా బద్మాష్" అన్నాడు.

ఆయన దేని గురించి అంటున్నాడో నాకు తెలియదు. తెలియదని అనాలి. కానీ ఊళ్లో ఎవరు ఏ తమాషా చేసినా అది నాదేనని ఒప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్న రోగం. చేసినవాడు ఎవరైనా సరే, పేరు నాకు రావాలి. "మరేమనుకున్నవ్ మామా, నీకు నాసిరకం పంపుతనా?" అన్నాను. ఆయన నా భుజం మీద కొట్టి వెళ్లిపోయాడు. ఏ కాగితం, ఏ ముద్ర అని నేను మళ్లీ అడగలేదు. నా చేతిలో అప్పుడు సగం చుట్టిన మోటారు ఉంది.

ఆయన పోయిన తర్వాత దినాల కోసం ఫోటో పెద్దది చేయించడానికి అత్తమ్మతో కలిసి వనపర్తికి వెళ్లాను. ఫోటో స్టూడియో మనిషి కంప్యూటర్‌లో కోటు ఫోటో చూసి, "మెడల్స్ ఇంకో రెండు పెట్టాల్నా అన్నా? మంచిగ నిండుగ కనబడ్తడు" అన్నాడు.

"రెండెందుకు, నాలుగు పెట్టు" అన్నాను నేను.

"ఉన్నయే ఉంచు నాయనా" అంది అత్తమ్మ. తర్వాత నాతో మెల్లగా చెప్పింది. "కాలు సలిపినప్పుడల్లా కాచిన నీళ్లు పోసింది నేను. అది ఏం గాయమో నాకు తెల్సు. గది బుక్కుల పడితే మంచిగుండు అల్లుడా. ఆయన అడగలేదు. నేనైనా అడగాలె."

పింఛను కాగితాల కోసం మామ ట్రంకు పెట్టె తెరిచింది ఆ వారమే. డిశ్చార్జి బుక్కు, దవాఖాన చీటీ, వాటి కింద ఒక ఉత్తరం. మంచి కాగితం. అసలు ముద్ర. నాకు వచ్చిన అక్షరాలు కూడబలుక్కొని చదివాను. మెడల్ అనే మాట కనిపించింది. పోయిన వానాకాలంలో మామ నవ్వుకుంటూ వచ్చి అన్న మాటలు గుర్తొచ్చాయి. అత్తమ్మ పొయ్యి దగ్గర ఉంది. ఉత్తరం చొక్కాలో పెట్టుకొని బయటకు వచ్చాను.

వనపర్తిలో మాజీ సైనికుల పనులు చూసే ఆఫీసులో ఒక గుమాస్తా దాన్ని చదివి చెప్పాడు. ఉత్తరం అసలుదే. మెడల్ లోటు సరిచేస్తాం, దవాఖాన చీటీ నకలు, మీ సంతకం ఫలానా గడువులోగా పంపండి అని రాశారు. గడువు ఎప్పుడో దాటింది. జవాబు రాలేదని ఫైలు మూసేశారు.

"అర్జీ పెట్టింది ఆయన కాదు. ఆయన దోస్తు, గట్టు ఊరి మిలిటరీ సాయిబు" అన్నాడు గుమాస్తా. "మళ్లీ తెరిపియ్యొచ్చు. భార్య అర్జీ పెట్టాలె. గాయమైనప్పుడు పక్కన ఉన్నోళ్ల సాక్ష్యం ఒకటి కావాలె."

గద్వాల మీదుగా గట్టుకు పోయాను. సాయిబు ఇంటి ముందు నులక మంచం మీద కూర్చొని కంది కాయలు వలుస్తున్నాడు. నేను ఎవరో చెప్పగానే కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు.

"నువ్వేనా ఆ షైతాన్? గోడ మీద హోటల్ రాసినోనివి?"

"నేనే తాతా."

"నీ కథలు చెప్పి నవ్వుతుండె. మా పాత సిపాయిల ప్రతి మీటింగుకు ఒక కథ తెస్తుండె." ఇంకో కాయ తీసుకుంటూ అడిగాడు. "నేను పెట్టిన అర్జీకి జవాబు రాలేదా వానికి?"

వచ్చిందన్నాను. ఎందుకు సంతకం పెట్టలేదో కూడా చెప్పాను. ఆయన కాయలు వలవడం ఆపేశాడు.

"ఇద్దరం పక్కపక్క మంచాల మీద ఉంటిమి. నా బుక్కుల ఎక్కింది, వానిదాంట్ల ఎక్కలేదు. చెప్తే వద్దంటడని నేను చెప్పకుండ పెట్టిన. మెడల్ వచ్చినంక చెప్దామనుకున్న" అన్నాడు. "నేను ముందుగాల చెప్పి ఉంటే, వాడు అది నీ తమాషా అనుకోకపోతుండె బేటా."

నేను వచ్చిన పని చెప్పాను. సాక్ష్యం కాగితం మీద ఆయన పెట్టిన సంతకం వంకర పోయింది. ఇంకో కాగితం తెప్పించి మళ్లీ పెట్టాడు.

అత్తమ్మతో అర్జీ పెట్టించే రోజు వచ్చింది. గుమాస్తా అన్నీ నింపి ఒక దగ్గర ఆగాడు. "ఉత్తరానికి గడువులోపట ఎందుకు జవాబు ఇయ్యలేదో రాయాలె. ఆరోగ్యం బాగలేకుండె అని రాస్త. అందరు అదే రాస్తరు" అన్నాడు.

"ఆయనకు బాగనే ఉండె సార్. పొద్దుగాల ఊరంతా తిరిగొస్తుండె" అంది అత్తమ్మ.

"మరి ఏం రాయాలమ్మా?"

"నాకు తెల్వదు. ఆ ఉత్తరం నాకు చూపెట్టలేదు."

ఇద్దరూ నా వైపు చూశారు. నలభై ఎనిమిదేళ్లు వచ్చిన మనిషిని. అబద్ధాలు ఆడటంలో మా మండలంలో నాకు పోటీ లేదు. ఆరోగ్యం బాగలేదని తల ఊపితే పని అయిపోయేది.  ఇరవై ఏళ్ల కింది ఉత్తరం, పాలమూరు వరండా, మొన్నటి నవ్వు, నేను ఒప్పుకున్న మాట, అన్నీ చెప్పాను. 

గుమాస్తా పెన్ను మూత పెట్టి మళ్లీ తీశాడు. "గిట్ల రాస్తే పైన నవ్వుతరమ్మా."

అత్తమ్మ నన్ను చూడలేదు. ఒళ్లోని సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ ఉంది. "నవ్వనీ" అంది. "వాడు చెప్పినట్లే రాయి సార్."

 గోపాల్‌పేటలో దిగాక, వాళ్ల గడప ఎక్కుతూ అంది: "రేపు వచ్చి మా బోరు మోటారు చూడు. నీళ్లు తక్కువ వస్తున్నయ్." నేను తెల్లారే పోయి చూశాను. మోటారుకు ఏమీ కాలేదు, పైపుకు చిన్న చీలిక ఉంది. అతికించాను. చాయ్ ఇచ్చింది. కడుపులో ఏముందో ఇద్దరికీ తెలుసు, ఎవరం ఆ మాట ఎత్తలేదు. ఇప్పటికీ ఎత్తలేదు.

జవాబు పోయిన నెల వచ్చింది. బుక్కు సరిచేశామని, మెడల్ తర్వాత పంపుతామని. సరిచేసిన పేజీ నకలు జత చేశారు. అత్తమ్మ చదవమంది. మోటారు రేకు చదివినట్టు ఒక్కో అక్షరం చదివాను. అయిపోయాక మళ్లీ చదవమంది. మూడోసారి చదివాక తలుపు వెనక కొంగుతో ముఖం తుడుచుకొని వచ్చింది.

"గట్టుకు పోయి సాయిబుకు చూపెట్టిరా. ఫోన్‌ల చెప్పకు" అంది. "ఫోన్‌ల నువ్వు చెప్తే ఎవరు నమ్ముతరు?"

నేను మధ్యాహ్నానికి గట్టు చేరాను. సాయిబు చేతులు కడుక్కొని వచ్చి కాగితం తీసుకున్నాడు. మూడు మెడల్స్ పేర్లు పెదవులతో చదువుకుంటూ కిందికి వచ్చాడు. నాలుగో లైను దగ్గర చూపుడు వేలు పెట్టాడు. కోడలు రెండు చాయ్‌లు తెచ్చి మంచం మీద పెట్టి పోయింది. చాయ్ మీద మీగడ కట్టింది. రోడ్డు మీద గద్వాల బస్సు వచ్చి ఆగి హారన్ కొట్టింది. నేను లేవలేదు. గాలికి కాగితం అంచు లేచి పడుతోంది. సాయిబు వేలు ఆ లైను మీదే ఉంది. బస్సు వెళ్లిపోయింది. వేలు తీయలేదు.